తరఫు సభ్యురాలు

"అది కుర్చీల గురించి రాసుకున్న పుస్తకం. పిల్లల గురించి కాదు," అన్నాడు పెదనాన్న, బుడిగి బూటుకి పాలిష్ రుద్దుతూ.

పెద్దమ్మ వినిపించుకోలేదు. టీ కప్పు పక్కన బడి తల్లిదండ్రుల సంఘం నియమావళి తెరిచి పెట్టుకుని, గీత గీస్తున్నట్టు ఒకే వాక్యం మీద వేలు అటూ ఇటూ తిప్పుతోంది. టీ ఎప్పుడో చల్లారిపోయింది. మీగడ కట్టింది కూడా.

ఫోన్ వచ్చిన రోజు నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస. పరీక్షలు అయిపోగానే పిల్లని తీసుకెళ్తానని బుడిగి వాళ్ల నాన్న ఫోన్లో చెప్పాడు. ఎంతో మర్యాదగా చెప్పాడు. అతను కేకలేసి ఉంటే ఆవిడా నాలుగు కేకలేసి ఉండేది. మర్యాదకి ఎలా ఎదురు చెప్పాలో మాత్రం ఆవిడకి చేతకాలేదు.

బుడిగిని కన్నది పెద్దమ్మ చెల్లెలు. కని, పిల్లకి పళ్లు రాకముందే పోయింది. తండ్రేమో బోర్లు వేసే బండి మీద ఊరూరా తిరిగే మనిషి. "కొన్నాళ్లు ఉంచుకోండి వదినా," అని పసిదాన్ని చేతుల్లో పెట్టి వెళ్లాడు. ఆ కొన్నాళ్లు సాగి సాగి నాలుగో తరగతి దాకా వచ్చాయి. ఇప్పుడు అతనికి నీళ్ల సరఫరా ఆఫీసులో కదలక్కర్లేని ఉద్యోగం దొరికింది. ఆసుపత్రిలో పనిచేసే నర్సుని పెళ్లి చేసుకున్నాడు. ఇల్లు కుదిరింది, ఇల్లాలు కుదిరింది. ఇక పిల్ల ఒక్కతే తక్కువ.

"విను," అని పెద్దమ్మ పైకి చదివింది. "కన్నవారు దగ్గర లేనప్పుడు, వారు రాసిచ్చిన మీదట, బిడ్డను పెంచుతున్నవారు వారి తరఫు సభ్యులుగా ఉండవచ్చు. విన్నావా? బిడ్డను పెంచుతున్నవారు! దీని మీద సంఘం ముద్ర ఉంది. హెడ్ మేడమ్ సంతకం ఉంది. ఏటేటా ఒప్పుకుంటూనే వచ్చారు. నేను పెంచుతున్నానని ఇంతకంటే ఎవరు చెప్పాలి?"

"మధ్యలో ఒక ముక్క గబగబా చదివేశావు."

"ఏ ముక్క?"

"రాసిచ్చిన మీదట. ఎవరు రాసిచ్చారు? అతనే. ఇచ్చినవాడు వెనక్కి తీసుకోకూడదని ఎక్కడుందో చూపించు."

పెద్దమ్మ చూపించలేకపోయింది. ఆ వాక్యం రాసింది తనేనంది. అందుకే అందులో ఏముందో నీకు కనపడటం లేదన్నాడు ఆయన. కళ్లజోళ్ల షాపులో ఊరందరి చూపూ సరిచేసి పంపే దానివి, నీ చూపు నువ్వు చూసుకోవా అని కూడా అన్నాడు. మామూలు రోజైతే ఆ మాటకి ఇద్దరూ నవ్వుకునేవారు.

ఆయన బూటు కింద పెట్టాడు. "ఒకసారి ఫోన్ చేద్దాం. అతను మంచివాడే. బతిమాలుకుందాం. నేనే మాట్లాడతాను, నువ్వు పక్కన కూర్చో చాలు."

"నా పిల్లని నాకిమ్మని నేనెందుకు బతిమాలుకోవాలి?"

"నీ పిల్ల కాదు కనుక."

అన్నాక ఆయనకే నోరు కాలినట్టయింది. వెనక్కి తీసుకుందామంటే వీలయ్యే మాట కాదు. లిఫ్టులు బాగుచేసే మనిషి. అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులోంచి ఎంతమందిని దింపాడో లెక్కలేదు. ఇంట్లో, తన భార్యకీ తనకీ మధ్య ఆగిపోయిన ఈ క్షణాన్ని ఎలా కదపాలో తోచక, మెరుస్తున్న బూటునే మళ్లీ తీసి రుద్దడం మొదలుపెట్టాడు.

రిబ్బన్ పట్టుకుని బుడిగి వంటింట్లోకి వచ్చింది. పెద్దమ్మ మోకాళ్ల మధ్య వెనక్కి తిరిగి నిలబడింది. జడ వేయించుకునేటప్పుడు ఆ పిల్ల నిలబడే తీరు అది, అదే తన సొంత కుర్చీ అన్నట్టు.

"ఇవాళ మీటింగులో పైన కూర్చుంటావుగా?" అనడిగింది.

"కూర్చుంటాను."

"మైకులో మాట్లాడతావుగా?"

"కార్యదర్శిని కదే, మాట్లాడక చస్తానా."

"గట్టిగా మాట్లాడు. వెనకాల కూర్చున్నవాళ్లకి కూడా వినపడాలి. ఆ నీలం రంగు బట్టలే వేసుకో."

వెనకాల ఎవరు కూర్చుంటారే అని పెద్దమ్మ అడిగితే, ఎవరో ఒకళ్లు కూర్చుంటారుగా అంది బుడిగి. ముఖం అటువైపు ఉండబట్టి, ఆ పిల్ల నవ్వాపుకోవడం ఎవరికీ కనపడలేదు.

*

ఏ సంఘంలోనైనా నియమావళి చదివేది ఒక్కరే. మిగిలినవాళ్లు ఆ ఒక్కరికి భయపడతారు. ఈ బడిలో ఆ ఒక్కరు పెద్దమ్మ. గట్టిగా దగ్గితే అందుకూ ఒక నిబంధన చూపిస్తుందని అనుకునేవారు. గోల లేకుండా సభ జరిగేది కూడా ఆవిడ వల్లే.

ఒక బిడ్డకి ఒకే సభ్యత్వం. అందుకని పెదనాన్నది ఎప్పుడూ వరండా బెంచీయే. ఆ బెంచీ మీద ఆయనకి తోడు వాచీల తాత.

వాచీల తాత వరండాలోకి ఎలా వచ్చాడన్నది ఈ బడిలో అందరికీ తెలిసిన సంగతే. వాచీలు బాగుచేసే ఆ పెద్దాయన, కొడుకు ఊళ్లో లేనప్పుడు మనవడి తరఫున సభకి వచ్చేవాడు. ఆటస్థలంలో కొత్త గదులు కట్టాలా వద్దా అని చేతులెత్తమన్న రోజున, తాత వద్దని చెయ్యెత్తాడు. ఆలస్యంగా వచ్చి వెనక కూర్చున్న కొడుకు కావాలని ఎత్తాడు. ఒక పిల్లాడికి రెండు చేతులు, అవీ చెరో వైపు. ఆ గొడవ చల్లారడానికి చాలా కాలం పట్టింది.

అప్పుడు పెద్దమ్మ కూర్చుని ఆ నిబంధనకి ఇంకో వాక్యం చేర్చింది. "కన్నవారు సభకు వచ్చి కూర్చున్న క్షణం నుంచి తరఫు సభ్యత్వం ఉండదు." సభ చప్పట్లు కొట్టి ఆమోదించింది. తర్వాతి సభలో కొడుకు వచ్చి కూర్చోగానే, పెద్దమ్మ మైకులో ఆ వాక్యం చదివింది. తాత చేతికర్ర తీసుకుని లేచి, గుమ్మం దాటి వరండాలో కూర్చున్నాడు. ఆ తర్వాత ఒక్క సభ కూడా మానలేదు. లోపలికి రావద్దన్నారు గానీ బయట కూర్చోవద్దని ఎక్కడా లేదు కదా అంటాడు.

పొద్దున వంటింట్లో పెద్దమ్మ ఆ రెండో వాక్యం చదవలేదు. దానితో తనకి పని పడుతుందని అనుకోలేదు.

హాలు నిండింది. పిల్లల బల్లల్లో పెద్దవాళ్లు మోకాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక పక్కకి తిరిగి కూర్చున్నారు. బయట ఆటస్థలంలో పిల్లల కేకలు. వేదిక మీద హెడ్ మేడమ్ పక్కన పెద్దమ్మ, నీలం బట్టల్లో, కాగితాలు సర్దుకుంటోంది. ఏడాది నివేదిక చదవడానికి లేచి నిలబడి, కళ్లజోడు సవరించుకుని, ఎదురుగా చూసింది.

గుమ్మం దగ్గర ఒకతను హాజరు పుస్తకంలో సంతకం పెడుతున్నాడు. వెనక ఒకావిడ, చేతిసంచి రెండు చేతులతో గుండెకి ఆనించి పట్టుకుని. ఇద్దరూ ఒంగి ఒంగి వచ్చి చివరి బల్లలో కూర్చున్నారు. అతను తలెత్తి పెద్దమ్మని చూసి నవ్వాడు.

ఆ నవ్వు బుడిగిది. పై పెదవి ఒక పక్కకే లేస్తుంది. ఇన్నేళ్లూ అది చెల్లెలి నవ్వేననుకుని చూసుకుని మురిసిపోయింది. చెల్లెలిది కాదు, ఇతనిది.

కాగితం చదవబోతే అక్షరాలు కలిసిపోయాయి. కళ్లజోడు తప్పు కాదు.

ఎవరూ గమనించలేదు. ఈ హాల్లో అతనెవరో తెలిసినవాళ్లే లేరు. తెలిసినా ఆ వాక్యం గుర్తున్నవాళ్లు లేరు. నివేదిక చదివేసి, మళ్లీ ఏడాదికి తనని ఎన్నుకుంటే తలూపి, ఇంటికెళ్లిపోవచ్చు. పెద్దమ్మ ఇదంతా ఆలోచించింది. ఆలోచించలేదని అబద్ధం చెప్పను. నివేదికలో మొదటి పేరా చదివింది కూడా. కుళాయిలు, కొత్త పుస్తకాలు, గోడకి సున్నం. గొంతు మామూలుగానే ఉంది.

రెండో పేరాకి ముందు తలెత్తితే, తెరిచిన గుమ్మంలోంచి వరండా కనపడింది. చేతికర్ర మీద రెండు చేతులూ, చేతుల మీద గడ్డం ఆనించి వాచీల తాత శ్రద్ధగా వింటున్నాడు.

పెద్దమ్మ కాగితం బల్ల మీద పెట్టేసింది. మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, సంగతి హెడ్ మేడమ్ చెవిలో చెప్పింది. ఆవిడ చివరి బల్ల వైపు చూసి, మళ్లీ ఈవిడ వైపు చూసింది.

"ఎవరడిగారమ్మా ఇప్పుడు? చదివెయ్యండి."

"తాతగారిని లేపమని కూడా ఎవరూ అడగలేదు మేడమ్. నేనే లేపాను."

మైకు మీద నుంచి చెయ్యి తీసింది. పుస్తకం తెరవకుండానే ఆ నిబంధన మొదటి వాక్యం, రెండో వాక్యం చెప్పింది. వెనకాల వాళ్లకి కూడా వినపడేంత గట్టిగా చెప్పింది. తర్వాత, "మా పాప కన్నతండ్రి వచ్చారు. చివరి బల్లలో ఉన్నారు. అంచేత నేను ఇక సభ్యురాలిని కాను. సభ్యురాలిని కానిదాన్ని కార్యదర్శిగా కూర్చోలేను," అంది.

అందరి తలలూ వెనక్కి తిరిగాయి. అతను కంగారుగా లేవబోతే మోకాలు బల్లకి తగిలింది.

"నాకు తెలీదు వదినా. ఊరికే చూడ్డానికొచ్చాం. నేను బయటికెళ్లిపోతాను, మీరు కూర్చోండి."

"నువ్వు వెళ్లినా నాకు తిరిగి రాదు. కూర్చో బాబూ."

సంచి తీసుకుని ఆవిడ వేదిక దిగింది. బల్లల మధ్య దారి ఇరుకు. దారి పొడుగునా కాళ్లు ముడుచుకున్నారు, కొందరు తల దించుకున్నారు. చివరి బల్ల దాటుతుంటే నర్సు చెయ్యి చాచబోయి ఆపేసుకుంది. పెద్దమ్మ గుమ్మం దాటింది.

వరండాలో పెదనాన్న పక్కకి జరిగి, జేబురుమాలు తీసి బెంచీ మీద దుమ్ము తుడిచాడు. ఆవిడ కూర్చుంది.

వాచీల తాత మాత్రం కర్ర పొడుస్తూ లేచాడు. గుమ్మంలో నిలబడి, ఆ రెండో వాక్యం ఇప్పుడే ఈ సభలోనే కొట్టేయాలని ప్రతిపాదించాడు. తనకి అర్హత లేకపోయినా లోపల ఎవరైనా తన మాట తీసుకోవచ్చునన్నాడు. లోపల అవునవును అన్నారు. నాలుగైదు చేతులు లేచాయి కూడా. తాత కొడుకు చెయ్యే అందరికంటే ముందు లేచింది.

పెద్దమ్మ ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "చెల్లదు తాతగారూ. ముందుగా నోటీసు ఇవ్వని సవరణ చెల్లదు."

"అదీ నువ్వే రాశావా?"

"నేనే."

తాత మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు. పెదనాన్న భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడనుకుని పెద్దమ్మ కోపంగా తిరిగింది. ఆయన నవ్వడం లేదు.

ఇన్నాళ్లూ ఆవిడ ఆ పుస్తకాన్ని నమ్ముకుంది. ఎవరైనా వచ్చి నువ్వెవరని అడిగితే తీసి చూపించడానికి ఆవిడకున్నది అదొక్కటే. కడుపు చూపించలేదు, ఇంటిపేరు చూపించలేదు. ఆ పుస్తకం ఆవిడని పొద్దున అమ్మని చేసి, మధ్యాహ్నానికి ఎవరూ కాకుండా చేసింది. అదీ ఆవిడ రాసిన మాటలతోనే.

*

టీ కోసం సభ ఆపగానే, మట్టి కొట్టుకుపోయిన బూట్లతో బుడిగి ఆటస్థలంలోంచి పరిగెత్తుకొచ్చింది. వరండాలోకి వచ్చిన తండ్రిని చూసి ఆగింది. రొప్పుతూనే అడిగింది.

"చూశావా నాన్నా? పెద్దమ్మ పైన కూర్చుంది, చూశావా?"

"చూశానమ్మా."

"పెద్దమ్మ చెప్తే ఇక్కడ అందరూ వింటారు. హెడ్ మేడమ్ కూడా వింటుంది. నువ్వే చూశావుగా."

నాన్నకి మీటింగు సంగతి ఎవరు చెప్పారని పెద్దమ్మ మెల్లగా అడిగింది. నేనే చెప్పాను అంది బుడిగి, బహుమతి వచ్చినంత గర్వంగా. పెదనాన్న ఫోన్ తీసుకుని, పెద్దమ్మ సంతకం పెట్టిన నోటీసు మొత్తం చదివి వినిపించిందట. తల్లిదండ్రులు తప్పక రావలెను అని అందులో రాసి ఉందిగా అంది.

"నువ్వెంత పెద్దదానివో చూస్తే నాన్న కూడా నీ మాట వింటాడు. నువ్వు వద్దంటే నన్ను తీసుకెళ్లడుగా మరి."

లోపల టీ కప్పుల చప్పుడు, ఎవరో చక్కెర అడగటం వినపడ్డాయి. వాచీల తాత కర్ర అందుకుని, ఏదో పని గుర్తొచ్చినట్టు అవతలికి వెళ్లిపోయాడు.

నర్సు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పిల్ల చూడకుండా తుడుచుకుంది. మంచి మనిషి. చెడ్డదైతే ఈ కథ చెప్పడం నాకు తేలికయ్యేది.

"మేం ఇవాళ తీసుకెళ్దామని రాలేదక్కా," అంది గొంతు తగ్గించి. "తనే ఫోన్ చేసి రమ్మంది. ఎప్పుడూ ఏదీ అడగని పిల్ల, నాన్నా నువ్వు రావాలి అందట. బస్సెక్కింది మొదలు ఈయన ఆ మాటే చెబుతున్నారు."

ఆవిడ చేతిసంచిలోంచి ఒక అట్టపెట్టె సగం బయటికి తీసింది. కొత్త బూట్లు, ఎర్రవి. పెదనాన్న వాటి వంకా, బుడిగి పాదాల వంకా చూశాడు. చిన్నవైపోతాయి. ఆ సంగతి తండ్రికీ అప్పుడే తెలిసింది. పెట్టె మూత తనే మూసి మళ్లీ సంచిలోకి తోశాడు.

తర్వాత అతను పిల్ల ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"బుడిగీ, నిన్నే అడుగుతున్నాను. నువ్వు చెప్పినట్టే చేస్తా. నీకు ఎవరి దగ్గర..."

"అడక్కు," అంది పెద్దమ్మ.

అతను తలెత్తాడు.

"పిల్లలకి ఓటు లేదు బాబూ. ఆ పుస్తకంలో నేను రాయకముందు నుంచీ ఉన్న వాక్యం అదొక్కటే. మంచిదీ అదొక్కటే. ఇప్పుడు అది ఏం చెప్పినా, మిగతా వాళ్లని కాదన్నానని జన్మంతా మోస్తుంది. అడక్కు."

పిల్లని అడిగితే ఏం చెబుతుందో అక్కడున్న నలుగురికీ తెలుసు. గెలిచే చెయ్యిని చేతులారా దించేసుకున్న భార్యని పెదనాన్న తేరిపార చూశాడు. పొద్దున తనన్న మాట గుర్తొచ్చింది. నీ పిల్ల కాదు అన్నాడు. తన పిల్ల కాకపోతే ఇలా ఎవరంటారు?

అతను లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు జేబుల్లో పెట్టుకుని, మళ్లీ తీసేశాడు.

"అయితే మీరు చెప్పండి వదినా. ఉంచుకుంటానని ఒక్క మాట అనండి. ఎప్పటిలాగే రాసిస్తాను. నేను కాదనను, తనూ కాదనదు."

నర్సు కాదనలేదు. సంచిలోని పెట్టె మీద చెయ్యి మాత్రం అలాగే ఉంచింది.

ఒక్క మాట. దాని కోసమే కదా పొద్దున్నించీ పేజీలు తిప్పింది. పెద్దమ్మ నోరు తెరిచింది. అతని పై పెదవి వణుకుతోంది, ఒక పక్కకే. పరీక్షలో తప్పు రాశానని చెప్పేముందు బుడిగికి అలాగే వణుకుతుంది.

"నాకు ఓటు లేదా?" అంది బుడిగి. ఇంతసేపూ ఆ పిల్ల అక్కడే ఉందన్న సంగతి అందరూ మరిచిపోయినట్టున్నారు. "మరి నేను ఎవరి తరఫు, పెద్దమ్మా?"

నియమావళిలో ఏ ప్రశ్నకైనా పేజీ తిప్పకుండా జవాబు చెప్పే మనిషి, పిల్లని దగ్గరికి లాక్కుని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుంది. రిబ్బన్ ముడి గట్టిగానే ఉంది. అయినా విప్పింది. జడ మొత్తం విప్పి, వేళ్లతో దువ్వి, మూడు పాయలు తీసి మళ్లీ అల్లడం మొదలుపెట్టింది. సగం దాకా వచ్చాక చేతులు ఆగాయి.

"నీకు జడ వెయ్యడం వచ్చా అమ్మా?" అని అడిగింది. తల ఎత్తలేదు.

ఆ ప్రశ్న తనకేనని అర్థమవడానికి నర్సుకి కొంతసేపు పట్టింది. సంచి భర్త చేతికిచ్చి, ఒక అడుగు ముందుకి వేసి ఆగిపోయింది.

బుడిగికి మాత్రం వెంటనే అర్థమైంది. తల విదిలించుకుంది. సగం అల్లిన జడ పెద్దమ్మ వేళ్లలోంచి జారి విడిపోయింది. రిబ్బన్ పెద్దమ్మ చేతిలోనే ఉండిపోయింది.